రెండేళ్ళాయన

భార్య మొగుడి పేరు పలకకూడదన్న నియమం ఎవరు పెట్టారో గానీ, దాని పుణ్యమా అని మన మగవాళ్ళలో చాలామందికి కన్నవాళ్ళు పెట్టిన పేరుకన్నా సరిగ్గా అతికే పేర్లు దొరికాయి. హనుమయ్యకు దొరికిన పేరు ‘రెండేళ్ళాయన’. పెట్టింది అతని భార్య దీవెనమ్మ. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో వాళ్ళుండే సందులో, చేతిపంపు దగ్గర తెలుగువాళ్ళెవరైనా “మీ ఆయన ఇంకా రాలేదా?” అని అడిగితే, “మా రెండేళ్ళాయనా? వస్తాడమ్మా, ఎక్కడికి పోతాడు!” అనేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మొదట్లో అందరికన్నా ముందు ఆమే నవ్వేది.

ఆ పేరు రాకముందే అతనికి రెండు పేర్లున్నాయి. నిజాంపట్నం పక్కన ఇసుక నేలలో ఒక పల్లె అతనిది. అక్కడి లూథరన్ గుడిలో పసివాడి నెత్తిన నీళ్ళు చల్లి పాదిరిగారు పెట్టిన పేరు హనన్యా. ఆ పేరు కావాలని అడిగింది తల్లి. ఆమెకు అక్షరం ముక్క రాదు. కోతల కాలంలో ఊరికొచ్చిన ప్రసంగీకుడు చెప్పిన కథ విని, అందులోంచి ఆ ఒక్క పేరూ పట్టుకుంది. బబులోను రాజు మండే కొలిమిలో తోయిస్తే, తలవెంట్రుక కూడా కమలకుండా బయటికి నడిచొచ్చిన ముగ్గురు కుర్రవాళ్ళలో హనన్యా ఒకడు. “అగ్గిలో ఏసినా కాలనోడి పేరురా నీది. ఎవుడికీ బయపడమాక” అని పోయేదాకా కొడుక్కి చెబుతూనే ఉంది. పాపం ఆ తల్లి పేరైతే పెట్టగలిగింది గానీ, ధైర్యం పెట్టడం ఆమె చేతిలో లేదు.

బడిలో వేసినప్పుడు పంతులుగారు “హనన్యా ఏందిరా, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు!” అని విసుక్కుని హనుమయ్య అని రాసి పడేశారు. కులం రాశారు. మతం దగ్గర హిందువు అని రాశారు. ఆ రాత వల్లే పెద్దయ్యాక అతనికి సర్కారు ఉద్యోగం వచ్చింది. మాలపల్లెలో పుట్టినవాడు హిందువుగా ఉంటే ఉద్యోగాల్లో కోటా ఉంది. అదే మనిషి ఏసును నమ్ముకున్నానంటే లేదు. పూరిల్లు అదే, కూలి అదే, ఊరి బావికి నిలబడాల్సిన దూరమూ అదే. చట్టానికి మాత్రం వాడు రాత్రికి రాత్రే వేరే మనిషైపోయాడు. ఇది ఎవరి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. హనుమయ్య అర్థం చేసుకునే ప్రయత్నమే చెయ్యలేదు. నోరు మూసుకున్నాడు.

అలా 1971లో ఢిల్లీలో ఒక కేంద్ర కార్యాలయంలో ప్యూనుగా చేరాడు. తర్వాత సైక్లోస్టైల్ మెషిన్ దగ్గర వేశారు. పొద్దస్తమానం పిడి తిప్పడం, సిరా అంటిన వేళ్ళతో సర్క్యులర్లు దొంతర్లు పెట్టడం. సెక్షన్‌లో వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. మంగళవారం హనుమాన్ గుడికి వెళ్ళొచ్చిన గుమాస్తాలు బూందీ పొట్లం విప్పి “లో భాయ్ హనుమాన్‌జీ, పహలే ఆప్!” అంటూ మొదటి గుప్పెడు అతని చేతిలోనే పోసేవాళ్ళు. వాళ్ళ వేళాకోళంలో విషం లేదు. అతనూ నవ్వుతూ నోట్లో వేసుకునేవాడు. అది గొంతు దిగేటప్పుడు మాత్రం ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టుండేది. చూసేది తల్లో, దేవుడో, పై ఆఫీసరో అతనికే తెలియదు.

ఢిల్లీకి బయల్దేరేనాటికి వాళ్ళకొక ఆడపిల్ల పుట్టి, నెలల పిల్లగానే జ్వరమొచ్చి పోయింది. ఊరి బయట సరుగుడు తోపు పక్కన సమాధుల దొడ్డిలో పెట్టారు. ఇసుక నేల కదా, దిబ్బ నిలవదు. ఏటా ఈస్టరుకు ముందు ఎవరో ఒకరు వెళ్ళి ఇసుక ఎగదోసి, సున్నం చల్లి, పండగ తెల్లవారుజామున కొవ్వొత్తి వెలిగించాలి. పట్టించుకోకపోతే నాలుగు వానలకు ఆనవాలు కూడా ఉండదు. అందుకని దీవెనమ్మ రానని మొండికేసింది.

“నేను రానయ్యా. పిల్లని ఒక్కదాన్నే ఆడ వొదిలేసి ఎట్టా వొచ్చేది?”

“రెండేళ్ళే” అన్నాడు హనుమయ్య. “రెండేళ్ళలో గుంటూరుకో బెజవాడకో బదిలీ చేయించుకుంటా. అందరూ చేయించుకుంటున్నారు. అందాక మీ అన్న చూసుకోడా?”

ఆమె అన్న ధర్మయ్య అక్కడే ఉన్నాడు. చేపల వలలు అల్లే మనిషి, మాట తక్కువ. “నువ్వు పోయి రామ్మా. దిబ్బ సంగతి నాకొదిలెయ్” అన్నాడు. దీవెనమ్మ మొగుణ్ణి నమ్మిందో లేదో చెప్పలేను గానీ, ఆ అంకెను మాత్రం గట్టిగా నమ్మింది. కళ్ళు తుడుచుకుని జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కింది.

లక్ష్మీ నగర్‌లో అప్పటికి సగం పొలాలూ సగం ఇటుకల గుట్టలూ. ఒక గది, ముందు చారెడు వరండా. దిగిన రోజే హనుమయ్య ఒక మాట చెప్పాడు: “ఎవరన్నా అడిగితే నీ పేరు దేవమ్మ అని చెప్పు. ఆఫీసులో అట్టాగే చెప్పా.” దీవెన అన్న మాట తెలుగువాడెవడి చెవినపడ్డా, ఇది ఏసు గుడికి పోయే ఇల్లని ఇట్టే పోల్చుకుంటాడని అతని భయం.

“నీకైతే రెండు పేర్లు అలవాటు” అంది దీవెనమ్మ. “నాకుండేది ఒకటేగా. అది కూడా తీసేసుకుంటావా?”

“రెండేళ్ళేగా.”

సరేనంది. పాలవాడికీ, ఇంటి ఓనరు దీదీకీ, రేషను కొట్లోనూ దేవమ్మ అయింది. ఆదివారం పూట మాత్రం మళ్ళీ దీవెనమ్మ. కరోల్ బాగ్‌లో ఒక బడి గది అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళు ప్రార్థన పెట్టుకునేవాళ్ళు. నడిపించేది మల్లేశం, వరంగల్ మనిషి, రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. అతను కోటా మీద రాలేదు, అందుకని అతనికి దాపరికం లేదు. హనుమయ్య మాత్రం బడి వెనక గేటునుంచి వచ్చి, చివరి చాపమీద కూర్చుని, ఆమెన్ కూడా పెదవుల్లోనే అనుకుని, అందరికన్నా ముందు లేచిపోయేవాడు. సోమవారం ఎవరైనా అడిగితే చుట్టాలింటికి వెళ్ళానని చెప్పేవాడు.

మల్లేశం అతన్ని ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. పైగా ఒకసారి వెన్ను తట్టి, “ఏమైతదన్నా? ఆ హనన్యాకు సుత రాజు కొలువుల చేరంగనే పేరు మార్చిన్రు గద. షద్రకు అని పిలిచిన్రు. పేరు మారితె మనిషి మారిండా? అగ్గిల ఏసిననాడు లోపటోడు బయటపడ్డడు” అన్నాడు. ఆ మాట హనుమయ్యకు చాన్నాళ్ళు తోడుంది. మెషిన్ తిప్పుతూ దాన్నే నెమరేసుకునేవాడు. నాక్కూడా అలాంటి రోజొస్తే నేనూ నిలబడతాను, రాలేదంతే, అనుకునేవాడు. మనలో ఎంతమందిమి అలా అనుకోవడం లేదు గనక!

ఒక ఈస్టరు పోయింది. రెండో ఈస్టరూ పోయింది. దీవెనమ్మ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. హనుమయ్య తల గోక్కుని, “పైనుంచి ఇంకా రాలేదు. ఇంకో రెండేళ్ళు పడుతుందంట” అన్నాడు. ఆ రెండేళ్ళూ అయ్యాక మళ్ళీ అదే మాట. అప్పుడు పుట్టింది ‘రెండేళ్ళాయన’ అన్న పేరు. మధ్యలో తన తల్లి పోతే ఒక్కసారి ఊరెళ్ళి వచ్చింది దీవెనమ్మ. వచ్చినరోజు ముఖం తేటగా ఉంది.

“దిబ్బ ఎట్టా పెట్టిందట్టానే ఉందయ్యా. మా అన్న దాని పక్కన నాకూ చోటు ఉంచాడు. చుట్టూ సరుగుడు పుల్లలు పాతాడు, ఇంకెవర్నీ రానియ్యకుండా. ‘మా రెండేళ్ళాయన తీసుకొస్తే కదా నేనొచ్చి పడుకునేది’ అంటే నవ్వాడు.”

హనుమయ్య నవ్వలేదు. అతని లోపల ఏముందో ఆమెకు తెలియదు.

లోపల ఉన్నదిది. ఆమె ఊరికి వెళ్ళిన 1976లోనే బదిలీ అతని చేతిదాకా వచ్చింది. సెక్షన్ సూపరింటెండెంటు చెన్నకేశవులు తెనాలి వైపు మనిషి. వేరే కులం, పెద్ద హోదా, అయినా తనవైపువాడని హనుమయ్యంటే అభిమానం. ఒకరోజు పిలిచి, “ఏమయ్యా, గుంటూరు ఆఫీసులో ఖాళీ ఉంది. నీ పేరు రాయనా? ఆర్డరు నేను తెప్పిస్తాను” అన్నాడు. హనుమయ్య గుండె ఎగిరి గంతేసింది, మరుక్షణమే జారిపోయింది. ఢిల్లీలో అతనెవరో ఎవరికీ తెలియదు. గుంటూరులో సగం మందికి తెలుసు. గుడిలో పక్కన మోకరించినవాడే ఆఫీసు మెట్లమీద ఎదురై “ఏం హనన్యా, బాగుండావా?” అంటే? అసలే ఎమర్జెన్సీ, అందరూ గుసగుసగా మాట్లాడుకునే రోజులు, సర్టిఫికెట్లు మళ్ళీ తిరగేస్తున్నారని పుకార్లు.

“వద్దు సార్. ఇక్కడే అలవాటైపోయింది” అన్నాడు.

చెన్నకేశవులు వింతగా చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన హనుమయ్య గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. వారానికి దీవెనమ్మ ఊరినుంచి తిరిగొచ్చి, దిబ్బ గురించి సంబరంగా చెప్పి, “ఏమన్నా కబురొచ్చిందా?” అనడిగింది. “ఇంకో రెండేళ్ళు” అన్నాడు. అంతకుముందు చెప్పినవి ఆశపడి చెప్పినవి. ఇది మాత్రం తెలిసి చెప్పింది.

మూడేళ్ళ తర్వాత ఒక ఆదివారం మల్లేశం ప్రసంగం ఎత్తుకున్నాడు.

“హనన్యా అనంగనే మనకు అగ్గిగుండమే యాదికొస్తది. గని పాత నిబంధనల గదే పేరుతోని ఇంకో మనిషున్నడు. ఈన ప్రవక్త. యెరూషలేము జనాన్ని బబులోనుకు చెరపట్టుకపోయిన్రు. ఈడ మిగిలినోళ్ళు ఏడుస్తున్నరు. యిర్మీయా అని ఇంకో ప్రవక్త మెడల కొయ్యకాడి ఏసుకోని, ఇది ఇప్పట్ల తీరేది కాదు, ఓర్చుకోవాలె అంటున్నడు. గప్పుడు ఈ హనన్యా లేచి, అందరి ముంగట ఆ కాడి ఇరగ్గొట్టి, ఏం జెప్పిండో ఎరుకేనా? రెండేండ్లు! రెండేండ్లల్ల అందరు ఇంటికొస్తరు అన్నడు. జనం సంబురపడ్డరు. ఎవ్వలు పడరు? గని దేవుడు ఆ మాట జెప్పలే. తియ్యటి మాట జెప్పి జనాన్ని అబద్ధంల కూసోబెట్టిండు. ఆ ఏడే సచ్చిపోయిండు.”

రెండేండ్లు అన్న మాట దగ్గర ఆడవాళ్ళ చాపమీద ఎవరో కిసుక్కున నవ్వారు. చేతిపంపు దగ్గరి పేరు తెలిసినవాళ్ళే అయ్యుంటారు. దీవెనమ్మ నవ్వలేదు. మెల్లగా తలతిప్పి మొగుడివైపు చూసింది. అతను వేలిగోళ్ళలోని సిరాను చూసుకుంటున్నాడు.

పాపం మల్లేశానికేమీ తెలియదు. వరసలో ఆ వారం వచ్చిన భాగం అది, చెప్పాడు. ఒక పేరున ఇద్దరుండటం ఆ పాత గ్రంథంలో కొత్తేమీ కాదు. కానీ నలభై ఏళ్ళు వచ్చినవాడికి తను ఎవరి పేరు మోస్తున్నాడో అన్న అనుమానం చాపమీద కూర్చున్నచోట పట్టుకోవడం ఎంత దుర్మార్గం!

బస్‌స్టాపులో నిలబడ్డాక దీవెనమ్మ అడిగింది: “ఆ రెండో హనన్యాకి, చెప్పేటప్పుడు అబద్ధమని తెలుసంటావా?”

“ఏమో. తెలిసుండదు. నిజంగానే జరుగుద్దనుకున్నాడేమో.”

“అట్టయితే పాపం” అంది. రోడ్డువైపు చూస్తూ, “తెలిసి చెప్పుంటే మటుకు పాపిష్టోడు” అంది.

బస్సు వచ్చింది, ఎక్కారు. ఆ రోజు తర్వాత ఆమె అతన్ని రెండేళ్ళాయన అనడం మానేసింది. ఎప్పుడు వెళ్తామని అడగడమూ మానేసింది. ఆ మౌనం హాయిగా ఉంటుందనుకున్నాడు హనుమయ్య. ఉండలేదు. ఒకసారి తనే “బదిలీకి మళ్ళీ అర్జీ పెట్టా” అని కల్పించి చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తలేదు.

1983 చలికాలంలో దీవెనమ్మకు కాళ్ళు వాచాయి. తర్వాత ముఖం వాచింది. సర్కారు ఆసుపత్రిలో రెండు కిడ్నీలూ పోయాయని చెప్పి మంచమిచ్చారు. ఒక మధ్యాహ్నం చెన్నకేశవులు బత్తాయిలు పట్టుకుని చూడటానికొచ్చాడు. మంచం పక్కన స్టూలుమీద కూర్చుని, మంచి మనసుతోనే అన్నాడు.

“అప్పుడే నా మాట విని గుంటూరు వెళ్ళుంటే మన గాలికీ మన నీళ్ళకీ ఇదంతా వచ్చేది కాదమ్మా. ఆర్డరు తెచ్చి చేతిలో పెడతానన్నా, వద్దన్నాడు మీ ఆయన. ఈ ఢిల్లీ మీద ఏం మోజో!”

ఆయన వెళ్ళిపోయాడు. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. హనుమయ్య బత్తాయి ఒలవడం మొదలుపెట్టి ఆపేశాడు.

“ఎప్పుడది?” అంది దీవెనమ్మ.

“డెబ్బై ఆరులో. నువ్వు మీ అమ్మ పోతే ఊరెళ్ళినప్పుడు.”

“తెలిసే చెప్పావన్నమాట.”

అతను సంజాయిషీ ఎత్తుకోబోయాడు. సర్టిఫికెట్లు, ఆఫీసు మెట్లు, గుర్తుపట్టే మనుషులు. ఆమె చెయ్యెత్తి వద్దంది. కోపం లేదు. కోపం ఉంటే అతను కొంచెం బతికిపోయేవాడు.

“అయిందేదో అయింది. ఒకటి అడుగుతా, ఇది మటుకు చెయ్యి. నన్ను కాల్చనియ్యమాక. మట్టిలో పెట్టు. పిల్ల పక్కకి తీసకపొమ్మని అడగటంలా, అంతదూరం నీవల్ల కాదు. ఈడనే, ఏ మూలో. మల్లేశం అన్న చూసుకుంటాడు.”

“నీకేం కాదు.”

“నేనడిగింది అది కాదు.”

“అట్టాగే. మట్టిలోనే పెడతా.”

“నీ పేరు మీద చెప్పు.”

“ఏ పేరు మీద?” అనేశాడు, ఆలోచించకుండానే. దీవెనమ్మ నవ్వింది. ఆ జబ్బుమంచంలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

వారం తిరక్కుండానే ఒక పొద్దున్న పోయింది. హనుమయ్య ఆమెను గదికి తెచ్చుకున్నాడు. గంటలో సందంతా ఆఫీసు మనుషులతో నిండిపోయింది. వెదురు తెచ్చారు, బంతిపూల దండలు తెచ్చారు, ఎర్రచీర తెచ్చారు. చెన్నకేశవులు దగ్గరుండి వ్యాను మాట్లాడాడు. ఏ చుట్టం చెయ్యని పని వాళ్ళు చేశారు. ఆ మంచితనం ముందు హనుమయ్యకు వద్దనడం చేతకాలేదు.

మల్లేశం వచ్చి అతన్ని చేతిపంపు పక్కకు తీసుకెళ్ళాడు.

“అన్నా, గుంత తవ్విపిచ్చిన. పాస్టరుగారు తయారున్నడు. నువ్వొక్క మాట జెప్పు, చాలు.”

“మా ఆఫీసు వాళ్ళంతా ఉన్నారు మల్లేశం.”

“ఉంటె ఉండనియ్యి.”

“ఉద్యోగం పోద్ది. కేసు పెడతారు.”

“నీ నోటి మాట లేంది నేనెట్ల తీస్కపోత? మొగనివి నువ్వు. అక్క ఏమడిగింది నిన్ను?”

హనుమయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇక ఎవరికోసం ఆ ఉద్యోగం? ఎవరికి తిండి పెట్టాలి, ఎవర్ని కాపాడుకోవాలి? ఆ ప్రశ్న అప్పుడు అతనికి తట్టలేదు. పన్నెండేళ్ళు మోసిన భయం దేనికోసం మోస్తున్నాడో మరిచిపోయి మోస్తూనే ఉన్నాడు. అంతలో చెన్నకేశవులు పిలిచాడు: “హనుమయ్యా, రావయ్యా. ముందు నువ్వే భుజం పట్టాలి.” హనుమయ్య వెళ్ళి భుజం పట్టాడు. రామ్ నామ్ సత్య హై అంటూ పాడె లేచింది. మల్లేశం పంపు దగ్గరే నిలబడిపోయాడు.

యమున ఒడ్డున పండితుడు పేరడిగాడు. “దేవమ్మ” అన్నాడు హనుమయ్య. గోత్రం అడిగితే తెల్లమొహం వేశాడు. పక్కనుంచి చెన్నకేశవులే “కాశ్యప అనుకోండి, పండిత్‌జీ” అని సర్దేశాడు. నిప్పు పెట్టమన్నారు. పెట్టాడు. ఎండు కట్టెలు, తొందరగానే అంటుకున్నాయి. అగ్గిలో కాలనివాడి పేరు తనది, అది నిజమే అయింది. అతనికి వేడి కూడా తగల్లేదు. కాలిపోయింది దీవెనమ్మ.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో చెన్నకేశవులు పక్కన కూర్చున్నాడు. వ్యాను కొంతదూరం పోయింది. తర్వాత మెల్లగా అన్నాడు.

“అన్నట్టు హనుమయ్యా, మా ఊళ్ళో మీవాళ్ళు పూడ్చిపెడతారు కదయ్యా, కాల్చరు. పొద్దున్న అడుగుదామనే అనుకున్నా. నువ్వేమీ అనకపోయేసరికి ఢిల్లీకొచ్చాక మార్చుకున్నావేమోననుకున్నా. ఒక్క మాట చెబితే ఇసుకలో ఎక్కడైనా చోటు చూసేవాళ్ళం కదా.”

హనుమయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వ్యాను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు. నిజమే. అతని పల్లెలో గుడికి వెళ్ళేవాళ్ళూ, వెళ్ళనివాళ్ళూ, అందరూ మట్టిలోనే పెడతారు. తాతముత్తాతల నాటినుంచీ అంతే. మట్టిలో పెట్టమని అడిగితే ఏ రహస్యమూ బయటపడేది కాదు. ఏ ఉద్యోగమూ పోయేది కాదు. ఈ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసినవాడికి, కావలసిన ఒక్క పూట గుర్తుకు రాలేదు. దాక్కుని దాక్కుని, దాచనక్కర్లేనిది కూడా దాచేశాడు.

ఎముకలు కృష్ణలో కలిపొస్తానని సెలవడిగితే వెంటనే ఇచ్చారు. ఎర్రగుడ్డ కట్టిన మట్టిముంత ఒళ్ళో పెట్టుకుని జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. బెజవాడలో దిగి కృష్ణవైపు చూడకుండా బస్సెక్కాడు. ఊరు చేరేసరికి ఈస్టరు ముందురోజు సాయంత్రం. పోయిందని తంతి ముందే అందింది గనక ధర్మయ్య ఏమీ అడగలేదు. మర్నాడు తెల్లవారుజామున ఇద్దరూ సరుగుడు తోపు పక్కకు నడిచారు.

దిబ్బ ఉంది. సున్నం కొత్తగా చల్లి ఉంది. దాని పక్కన సరుగుడు పుల్లల దడిలో మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు, గడ్డి పీకి, చదును చేసి, శుభ్రంగా ఉంది. ఏటా ఆ పుల్లలు ఉప్పుగాలికి చివికిపోతే ధర్మయ్య కొత్తవి పాతుతూనే వచ్చాడు. హనుమయ్య చంకలోంచి ముంత తీశాడు. ధర్మయ్య దానివంక చూశాడు, ఆ చోటువంక చూశాడు.

“ఇంతేనా బావా?” అన్నాడు.

హనుమయ్య కూలబడి ఇసుకలో తలపెట్టి ఏడ్చాడు. ధర్మయ్య లేవదియ్యలేదు. పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. ముంతకు జానెడు గుంత చాలు. అతను తలనుంచి కాళ్ళదాకా, మనిషికి తవ్వినట్టే పూర్తిగా తవ్వాడు. ముంతను గుండెలుండే చోట పెట్టి ఇసుక కప్పాడు. కప్పుతున్నంతసేపూ చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, దీవెనమ్మా, దీవెనమ్మా అని.

తెలతెలవారుతుండగా గుడిలోంచి జనం కొవ్వొత్తులతో వచ్చారు. ముందున్న పాదిరిగారు ఆ ఊరికి కొత్త. కొత్త దిబ్బ చూసి ఆగి, ప్రార్థనలో చెప్పడానికని, “మీరేమవుతారండీ? మీ పేరు?” అని హనుమయ్యను అడిగారు. హనుమయ్యకు రెండు పేర్లూ నోటిదాకా వచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

ధర్మయ్య ఇసుకను అరచేత్తో చదును చేస్తూ, తలెత్తకుండానే చెప్పాడు: “మా చెల్లెలి రెండేళ్ళాయనండీ. రెండేళ్ళలో తీసుకొస్తానని తీసుకుపోయాడు.”

పాదిరిగారికి అర్థం కాలేదు. ఇంకేమీ అడగకుండా ఒక కొవ్వొత్తి వెలిగించి హనుమయ్య చేతికిచ్చారు. అతను ఆ నిప్పును ఆమె దగ్గర పెట్టలేక, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.